అరవై ఒకటో నంబరు పుట్టుక

జూలో అందరూ ఆయన్ని గద్ద బాబాయి అనేవాళ్లు. నిజానికి ఆయన చూసుకునేది గద్దల్ని కాదు, రాబందుల్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో కనపడ్డవాళ్లందరికీ ఆ తేడా విడమరిచి చెప్పేవాడు. "సరేలే, రాబందూ అని పిలిస్తే నీకు బాగుంటుందంటే అలాగే పిలుస్తాం" అని ఏనుగుల కీపరు అన్నాక ఇంకెప్పుడూ ఎవరినీ సరిదిద్దలేదు. తల నెరిశాక గద్ద కాస్తా గద్ద బాబాయి అయింది.

ముప్ఫై రెండేళ్లు అదే పని. పొద్దున్నే పశువు మాంసం ఎముకలతో సహా ఇనుప బండి మీద వేసుకుని తొమ్మిది బోన్లకూ పంచడం, నీళ్ల తొట్లు బ్రష్షుతో రుద్ది కడగడం, రాలిన ఈకలు ఏరి సంచిలో వెయ్యడం. ఒంటికి పట్టిన వాసన సబ్బులకి లొంగేది కాదు. ఇంటి వెనక పంపు దగ్గర బట్టలు మార్చుకుంటే గానీ భార్య లోపలికి రానిచ్చేది కాదు. ఆమె ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలోవాళ్లకి బట్టలు కుట్టేది. "మీకన్నా ముందు మీ వాసన వచ్చి కూర్చుంటోంది. దానికో కుర్చీ వేయించనా?" అనేది. వందసార్లు విన్న మాటే అయినా ఆయన ప్రతిసారీ నవ్వేవాడు.

జూలో మాత్రం నవ్వేవాడు కాదు. మధ్యాహ్నం అందరూ స్టోరు గది వెనక బల్లల మీద కూర్చుని భోజనం చేస్తుంటే, ఆయన డబ్బా తీసుకుని బోన్ల వెనక గోడ పక్కకి వెళ్లి ఒక్కడే తినేవాడు. వాసనకి సిగ్గుపడుతున్నాడేమో పాపం అనుకునేవాళ్లు మిగతావాళ్లు. కారణం అది కాదు.

ఆ రాబందులు మామూలువి కావు. బయట దాదాపు తుడిచిపెట్టుకుపోయిన జాతి. పదకొండు జూలలో కలిపి నూటనలభై దాకా మిగిలాయి. అందుకని ఆ పదకొండు జూలూ ఒక మాట మీదికి వచ్చాయి. పక్షి ఏ జూలో ఉన్నా అది అందరిదీ. ప్రతి పక్షి కాలికీ రింగు, రింగు మీద నంబరు. ఆ నంబర్లన్నీ ఒకే పుస్తకంలో ఉంటాయి. ఎప్పుడు పుట్టింది, తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ఎవరితో జత కట్టింది, ఎప్పుడు చచ్చిపోయింది, అన్నీ.

ఆ పుస్తకం వేరే ఊరి జూలో పనిచేసే ఒకావిడ చేతిలో ఉండేది. అందరూ పుస్తకం మేడమ్ అనేవాళ్లు. ఏడాదికోసారి ఆవిడ అన్ని జూల వాళ్లనీ కూర్చోబెట్టి, ఏ మగదాన్ని ఏ ఆడదానితో కలపాలో, అందుకోసం ఏది ఏ ఊరు వెళ్లాలో, ఏ జంట గుడ్లని ఇక పొదిగించకూడదో తేల్చేది. ఉన్నవే కొన్ని కాబట్టి దగ్గరి రక్తం కలవకూడదు. కలిస్తే గుడ్లు మురిగిపోతాయి, పుట్టిన పిల్లలు అవిటివవుతాయి. "మనుషులకి సంబంధాలు చూడటం తేలిక. వరస తప్పితే ఎవరో ఒక ముసలమ్మ అడ్డుపడుతుంది. వీటికి ఆ ముసలమ్మని నేనే" అనేది ఆవిడ.

గద్ద బాబాయి జీవితమంతా ఆయన ఇరవై ఏడో ఏట, ఒక మధ్యాహ్నం గంటసేపట్లో తేలిపోయింది.

అప్పటికి ఆయన చేరి నాలుగేళ్లు. మొదటి బోనులో ఒక జంట ఉండేది. రెక్కలు దెబ్బతిని కొండల్లో దొరికిన పక్షులు. మిగతా ఏ జూలోని పక్షికీ వాటితో చుట్టరికం లేదు. అందుకే వాటిని కొండ జంట అనేవాళ్లు, కళ్లలో పెట్టుకుని చూసుకునేవాళ్లు. అప్పటిదాకా వాటికి ఒక్క పిల్ల కూడా నిలవలేదు. రెండో బోనులో మరో జంట. అవి ఏటేటా తప్పకుండా పిల్లల్ని ఇచ్చేవి. వాటి సంతానం అప్పటికే ఐదారు జూలకి చేరింది.

ఆ ఏడు రెండు జంటల గుడ్లూ తీసి ఇంక్యుబేటరులో పెట్టారు. కొండ జంట గుడ్డు మీద పెన్సిల్‌తో ఒకటి, రెండో బోను గుడ్డు మీద రెండు అని రాశారు. గుడ్డు మీద మొదటి పగులు కనపడగానే రెండింటికీ మధ్య అట్ట అడ్డం పెట్టాలి. పిల్లలు బయటికి వచ్చాక ఏది ఎవరిదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆయనకి ఆ సంగతి తెలుసు. ఆ పొద్దున రెండు గుడ్ల మీదా పగుళ్లు చూశాడు కూడా. రాబందు పిల్ల గుడ్డు చీల్చుకుని రావడానికి ఒక్కోసారి ఒకటిన్నర రోజు పడుతుంది. భోజనం చేసి వచ్చి అట్ట పెడదాంలే అనుకున్నాడు.

భోజనాల దగ్గర ఏనుగుల కీపరు తన బావమరిది పెళ్లిచూపుల కథ మొదలుపెట్టాడు. పెళ్లికూతురనుకుని ఆమె అక్కతో గంటసేపు మాట్లాడి ఒప్పుకుని వచ్చిన కథ. మధ్యలో లేవబుద్ధి కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. తిరిగి వెళ్లేసరికి రెండు పిల్లలూ ట్రే మధ్యలో ఒకదానిమీదొకటి పడి ఉన్నాయి. పెంకులు వాటి కింద నలిగి కలిసిపోయాయి. తడిసిన పెంకుల మీద పెన్సిల్ గీత ఆనవాలు కూడా లేదు.

ఎవరికీ చెప్పలేదు. రెండింటినీ తుడిచి, రెండు పెట్టెల్లో పెట్టి, ఒక పెట్టె మీద ఒకటి, ఇంకోదాని మీద రెండు అని రాయబోయి ఆగిపోయాడు. జూ డాక్టరుగారు ఊళ్లో లేరు. వచ్చేలోపు ఏదో ఒకటి తోస్తుందనుకున్నాడు.

మూడోరోజు డాక్టరుగారు వచ్చేసరికి ఒక పిల్ల చచ్చిపోయింది. గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రావడానికి భయపడుతున్నట్టు.

"ఏది పోయింది?"

"రెండో బోనుది సార్."

"కొండ జంటది?"

"బతికే ఉంది సార్. తింటోంది."

డాక్టరుగారు స్టూలు మీద కూలబడి, కళ్లజోడు తీసి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నీ రుణం తీర్చుకోలేనోయ్" అన్నాడు. అంత పెద్దాయన, పై అధికారి ఆ మాట అన్నాక, దాన్ని వెనక్కి తీసుకోవడం ఆ ఇరవై ఏడేళ్ల మనిషికి చేతకాలేదు. అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. నిజమేంటో ఆయనకే తెలియదు. సగానికి సగం నిజమయ్యే అవకాశం ఉంది. ఆ సగాన్ని పట్టుకుని వేలాడాడు. చనిపోయిన పిల్లని ఆ సాయంత్రమే జూ వెనకాల చచ్చిన జంతువుల్ని కాల్చే కొలిమిలో కాల్చేశారు. బతికినదాని కాలికి అరవై ఒకటో నంబరు రింగు వేశారు. పుస్తకంలో దాని తల్లిదండ్రుల గడిలో కొండ జంట నంబర్లు ఎక్కాయి.

అదే ఏడు చలికాలంలో కొండ జంటలో మగది జబ్బుచేసి పోయింది. ఆడదానికి ఇంకో తోడు చూడాలా వద్దా అని మీటింగులో చర్చ జరిగింది. మగ పక్షులు తక్కువ, ఖాళీ బోన్లు ఇంకా తక్కువ. "దాని రక్తం అరవై ఒకటిలో ఉంది కదా. ఉన్న మగవాటిని సంతానం లేనివాటికి ఇద్దాం" అని పుస్తకం మేడమ్ తేల్చింది. ఆ లెక్క సరైనదే, పుస్తకంలో ఉన్నది నిజమైతే. కొండ రాబందు మొదటి బోనులో ఒంటరిగా మిగిలింది. ఆయన రోజూ దానికి మాంసం వేసేవాడు. అది చువ్వల దాకా నడుచుకుంటూ వచ్చి మెడ వంచి చూసేది. కొన్నేళ్లపాటు గుడ్ల కాలం వచ్చినప్పుడల్లా పుల్లలు ఏరి మూలన గూడు పేర్చేది. తర్వాత మానేసింది.

అరవై ఒకటికి ఆరేళ్లు రాగానే మరో ఊరి జూకి పంపారు. అక్కడున్న ముప్ఫై ఎనిమిదో నంబరు మగదానితో జత. ముప్ఫై ఎనిమిది రెండో బోను సంతానం. పుస్తకం ప్రకారం రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. అంతకన్నా మంచి సంబంధం పదకొండు జూలలో వెతికినా దొరకదు.

మూడేళ్ల తర్వాత కీపర్లందరికీ ఒక తరగతి పెట్టారు. పుస్తకం మేడమ్ గోడమీద బొమ్మలు చూపిస్తూ, దగ్గరి రక్తం కలిస్తే ఏమవుతుందో చెప్పింది. మెలిక తిరిగిన కాళ్లు, మూసుకోని ముక్కులు, గుడ్డులోనే ఆగిపోయిన ప్రాణాలు. అందరికన్నా వెనక వరసలో కూర్చున్న గద్ద బాబాయికి, అంతకు నెల ముందు ఆ ఊరినుంచి వచ్చిన కబురు గుర్తొచ్చింది. అరవై ఒకటికి పుట్టిన మొదటి పిల్ల నిలబడలేకపోతోందట, కాళ్లు వంకరట. తరగతి అయ్యాక మేడమ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు కూడా.

"ఏంటండీ, ఏదో అడగాలనుకుంటున్నారు?" అందావిడ.

"ఏం లేదమ్మా. బాగా చెప్పారు."

ఆ తర్వాత ఐదేళ్లకి ఆ ఊరి జూలో రాబందుల పని ఒక అమ్మాయికి అప్పజెప్పారు. అరవై ఒకటి పుట్టింది ఎవరి చేతుల్లోనో కనుక్కుని ఆమె ఫోన్ చేసింది. "అన్నయ్యా అని పిలవొచ్చా? మీరు పెంచిన పిల్ల ఇప్పుడు నా దగ్గరుంది" అంది. ఆయన ఆమెని చెల్లెమ్మా అన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కానీ గుడ్ల కాలం వచ్చిందంటే వారానికి రెండు మూడుసార్లు ఫోను మోగేది.

"అన్నయ్యా, నలభయ్యో రోజున గుడ్డుని దీపానికి పట్టి చూశాను. కదలిక లేదు. నేనేం తప్పు చేశానంటారు?"

"తేమ ఎంత పెట్టావమ్మా?"

"మీరు చెప్పినంతే."

"ఈసారి నీళ్ల గిన్నె ఇంకోటి పెట్టి చూడు. గుడ్డు తిప్పేటప్పుడు చేతులు చల్లగా ఉండకూడదు, తెలుసుగా."

ఆయన చెప్పినవేవీ అబద్ధం కాదు. అన్నీ మంచి సలహాలే. ఆమె తు.చ. తప్పకుండా పాటించేది. గిన్నెలు మార్చింది, ఇంక్యుబేటరు పక్కన మడత మంచం వేసుకుంది, చేతులు వెచ్చబెట్టుకుని గుడ్డు తిప్పింది. ఫోను పెట్టేశాక గద్ద బాబాయి గుమ్మంలోకి వెళ్లి కూర్చునేవాడు. "ఆ అమ్మాయికి మళ్లీ పోయిందా?" అని భార్య మిషను ఆపి అడిగేది. "పోయింది" అనేవాడు. "పాపం, ఎంత కష్టపడుతుందో" అని ఆమె మళ్లీ కుట్టుకునేది.

ఆ అమ్మాయి చూసుకున్న పన్నెండేళ్లలో అరవై ఒకటి పదిహేను గుడ్లు పెట్టింది. నాలుగు పిల్లలయ్యాయి. ఒకటే మామూలుగా నడిచింది. మిగతా మూడూ ఏడాది దాటలేదు.

చివరికి ఆ జూ అధికారులు విచారణ వేశారు. అంత గొప్ప సంబంధం, రెండు పక్షులూ ఆరోగ్యంగా ఉన్నాయి, మరి గుడ్లు ఎందుకు పోతున్నట్టు? లోపం మనిషిదే అయి ఉండాలి. ఆమె రాసిపెట్టిన వేడి లెక్కల కాగితాల్లో మూడు రోజులవి కనపడలేదు. ఆ మూడు రోజులూ ఆమె జ్వరంతో పడి ఉంది. నిర్లక్ష్యం అని రాసి, ఆమెని రాబందుల దగ్గరనుంచి తీసేసి గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో వేశారు.

"అన్నయ్యా, నన్ను గేటుకి మార్చేశారు" అని ఫోన్ చేసింది. ఏడవట్లేదు. గొంతు పొడిగా ఉంది. "ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పండి. నాకు ఈ పని చేతకాదా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఆయనకి మళ్లీ రాలేదు. "నీ చేతుల్లో ఏ లోపమూ లేదమ్మా. ఒక అర్జీ పెట్టుకో" అన్నాడు. ఫోను పెట్టేసి వెనకాల పంపు దగ్గరికి వెళ్లి, అప్పటికే కడుక్కున్న చేతుల్ని మళ్లీ కడుక్కున్నాడు. అర్జీ పెట్టుకుంది. జవాబు రాలేదు. ఆమె ఫోన్లు తగ్గిపోయాయి.

ఇంకో రెండేళ్లకి ఒక కొత్త పరీక్ష వచ్చింది. రెండు ఈకలు పంపితే చాలు, ఏది ఎవరి పిల్లో లేబరేటరీలో తేల్చేస్తారు. పుస్తకాన్ని మొదటినుంచీ సరిచూద్దామని మేడమ్ అన్ని జూలకీ రాసింది. ఇక్కడ ఈకలు తియ్యాల్సింది గద్ద బాబాయే. మొదటి బోను కొండ రాబందువి, రెండో బోను జంటలో బతికున్న ఆడదానివి, దాని పిల్లలవి. ఒక్కోదానికీ ఒక కవరు.

కొండ రాబందుని ఆయన ఒక్కడే పట్టుకున్నాడు. ముసలిదైపోయింది, పెనుగులాడలేదు. ఛాతీ మీది ఈకలు రెండు లాగి కవర్లో వేశాడు. రెండో బోనుదానివి ఇంకో కవర్లో. గదిలో బల్ల ముందు కూర్చుంటే రెండు కవర్లూ ఎదురుగా ఉన్నాయి. పైన ఏమీ రాయలేదు ఇంకా. ఒకదానిమీద రాయాల్సింది ఇంకోదానిమీద రాస్తే, అరవై ఒకటి ఎప్పటికీ కొండ బిడ్డే. చేతిలో పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. ఆఖరికి దేని నంబరు దానిమీదే రాశాడు. అంటించాడు. నిజం ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. ఇక నోటితో చెప్పక్కర్లేదు, కాగితాలే చెబుతాయి.

నాలుగు నెలల తర్వాత మేడమ్ దగ్గరనుంచి అన్ని జూలకీ ఉత్తరం వచ్చింది. డైరెక్టరు తన గదిలో అందరినీ పిలిచి చదివి వినిపించాడు. అరవై ఒకటో నంబరు కొండ జంట బిడ్డ కాదు. రెండో బోను సంతానం. ఇన్నేళ్లూ అది కాపురం చేసింది సొంత అన్నతో. గదిలో ఎవరో నాలుక కరుచుకున్నారు.

అంతటితో అయిపోయి ఉంటే గద్ద బాబాయి బయటపడేవాడు. ఉత్తరంలో ఇంకో పేజీ ఉంది. పుట్టినప్పుడు తీసుకున్న జాగ్రత్తలు బాగానే ఉన్నాయి కాబట్టి, పొరపాటు తర్వాతే జరిగి ఉంటుందని అందరూ అనుకుంటున్నారట. ఆ ఊరి జూలో ఎప్పుడో రింగులు మారి ఉండాలి. అక్కడ నిర్లక్ష్యం ఉన్నట్టు ఇదివరకే విచారణలో తేలింది కూడా. అసలైన అరవై ఒకటి ఇంకో రింగుతో ఎక్కడో బతికే ఉండొచ్చు. పదకొండు జూలలోనూ దాన్ని వెతకాలి. ఆ కీపరుని మళ్లీ విచారణకి పిలుస్తున్నారు.

"అసలైనది దొరికితే మన అదృష్టం. కొండ రక్తం ఇంకా ఎక్కడో ఉన్నట్టే కదా" అన్నాడు డైరెక్టరు.

"లేదు సార్" అన్నాడు గద్ద బాబాయి.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"వెతకొద్దు. అది లేదు. రెండు రోజుల పిల్లప్పుడే పోయింది. నేనే కొలిమి దగ్గరికి తీసుకెళ్లాను."

ఇరవై ఎనిమిదేళ్లు నోట్లోంచి రానిది ఐదు నిమిషాల్లో అయిపోయింది. అట్ట పెట్టకపోవడం, భోజనం, పెళ్లిచూపుల కథ, నలిగిన పెంకులు, డాక్టరుగారి ప్రశ్న. ఆ డాక్టరుగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఏనుగుల కీపరు గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు. "నేను చెప్పిన ఆ దిక్కుమాలిన కథకా?" అన్నాడు నెమ్మదిగా.

ఆ సాయంత్రం పంపు దగ్గర బట్టలు మార్చుకోకుండానే ఇంట్లోకి వెళ్లాడు. భార్య ఏదో అనబోయి ఆయన ముఖం చూసి ఆగింది. విషయమంతా విన్నాక ఆమె చేతిలో గుడ్డని మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

"ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా నేను ఇక్కడే ఉన్నాను" అంది. "ఎంత కష్టపడుతుందో అన్నాను. మీరు ఊఁ కొట్టారు."

"ఊఁ."

"నాతోనన్నా చెప్పాల్సింది."

"చెబితే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకునేదాన్ని కాదు" అంది ఆమె. "అందుకే చెప్పలేదన్నమాట."

పుస్తకం మేడమ్ స్వయంగా వచ్చింది. జుట్టంతా తెల్లబడిపోయింది. తిడుతుందనుకున్నాడు. ఆవిడ పుస్తకం తెరిచి ఆయన ఎదుట పెట్టింది. అరవై ఒకటి కింద పుట్టిన పిల్ల, ఆ పిల్లని ఇంకో జూకి ఇచ్చాక దానికి పుట్టిన మూడు, అన్నిటికీ ఎదురుగా ఇక జత కట్టకూడదని ఎర్ర సిరాతో రాసింది. తర్వాత మొదటి బోను పేజీ తిప్పింది.

"దీని గురించి ఆలోచించారా ఎప్పుడైనా? ఆ ఏడే దీనికింకో తోడు ఇచ్చేదాన్ని. పదిహేను, ఇరవై ఏళ్లు గుడ్లు పెట్టేది. మీరు తెలియదు అని ఒక్క మాట అని ఉంటే చాలు. తెలియదు అని రాసుకోవడానికి కూడా ఇందులో గడి ఉందండీ."

ఆ మాట ఆయన్ని మిగతా అన్నిటికన్నా ఎక్కువ కోసింది. తెలియదు అనడం కూడా ఒక జవాబేనని ఆయనకి ఆ వయసుదాకా తోచలేదు.

పెద్ద శిక్షేమీ వెయ్యలేదు. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. రాబందుల దగ్గరికి వెళ్లకూడదని చెప్పి నీళ్ల ట్యాంకుల దగ్గర వాల్వులు తిప్పే పనిలో వేశారు. అరవై ఒకటినీ ముప్ఫై ఎనిమిదినీ విడదీశారు. ఇరవై రెండేళ్లు కలిసున్న పక్షులు. అరవై ఒకటి రెండు వారాలు మాంసం ముట్టలేదని, తర్వాత తిన్నదని విన్నాడు.

సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాడు. బస్సులో ఆరు గంటలు. జూ గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. టికెట్లు చింపుతున్న ఆవిడకి నలభై దాటి ఉంటాయి, పొట్టిగా, చురుగ్గా ఉంది. ఆయన వంతు వచ్చింది.

"చెల్లెమ్మా" అన్నాడు.

గొంతు గుర్తుపట్టింది. చేతిలో టికెట్టు సగం చిరిగి ఆగింది. వెనక ఉన్నవాళ్లు తోస్తున్నారు. పక్కన ఇంకొకరిని నిలబెట్టి, గేటు అవతల గోడ నీడలోకి నడిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు.

"కాగితం వచ్చింది నాకు" అంది. "రెండు వాక్యాలు. నా తప్పేమీ లేదని రాశారు. తిరిగి రాబందుల దగ్గరికి రమ్మన్నారు. రానన్నాను."

"ఎందుకమ్మా? నీకన్నా బాగా చూసేవాళ్లు..."

"చేతులు వణుకుతాయి" అంది. "గుడ్డు తలుచుకుంటేనే వణుకుతాయి. పన్నెండేళ్లు నా చేతుల్నే తిట్టుకున్నాను. చలికాలంలో నీళ్లు కాచుకుని అందులో పెట్టుకునేదాన్ని, మీరు చెప్పారని. అప్పుడు కూడా మీకు తెలుసా?"

"గట్టిగా తెలియదు. అనుమానం ఉండేది."

"అనుమానం ఉండే చెప్పారా, ఇంకో గిన్నె పెట్టమని?"

ఆయన తల వంచుకున్నాడు. క్షమించమని అడగడానికే వచ్చాడు. అడగలేదు.

"ఇక ఫోన్ చెయ్యకండి" అంది ఆమె. కోపంగా అనలేదు. "లోపలికి వెళ్లి దాన్ని చూస్తారా? ఎడమవైపు, చివరి బోను. టికెట్టు అక్కర్లేదు."

చూడకుండానే మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చాడు.

ఆ ఏడు మేడమ్ ఆఖరి ప్రయత్నంగా ఒక మగ రాబందుని తెప్పించి కొండ రాబందు బోనులోకి వదిలింది. అప్పటికి దానికి నలభై దాటాయి. నీళ్ల ట్యాంకు మెట్ల మీదనుంచి చూస్తే మొదటి బోను పైకప్పు మాత్రం కనపడేది. కొత్త కీపరు వచ్చి చెబుతుండేవాడు. "దాన్ని దగ్గరికి రానివ్వట్లేదు బాబాయ్. ఇదొక మూల, అదొక మూల." రెండు సీజన్లు గడిచాయి. గుడ్డు పెట్టలేదు. మగదాన్ని వెనక్కి పంపేశారు.

రిటైరైన ఏడాదికి కొత్త కీపరు ఇంటికొచ్చి కబురు చెప్పాడు. కొండ రాబందు పొద్దున నీళ్ల తొట్టి పక్కన పడి ఉందట. వయసు మీదపడి పోయింది, ఇంకే జబ్బూ లేదన్నారట. ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. పుస్తకంలో ఆ పేజీ మూసేశారు. దాని కింద రాయడానికి ఒక్క నంబరూ లేదు.

గద్ద బాబాయి అతన్ని వీధి చివరిదాకా సాగనంపాడు. తర్వాత లోపలికి వచ్చి బొత్తాల డబ్బా ముందేసుకుని, రంగుల వారీగా ఏరడం మొదలుపెట్టాడు. ఈ మధ్య భార్యకి ఆ పని ఆయనే చేసిపెడుతున్నాడు.

"ఆ అమ్మాయికి చెప్పరా?" అంది భార్య.

"ఫోన్ చెయ్యొద్దంది."

"మిమ్మల్ని వద్దంది." ఆమె మిషను మీదనుంచి లేచి, కళ్లజోడు పెట్టుకుని, ఫోనులో నంబరు వెతికి తనే చేసింది. గద్ద బాబాయి చేతిలో బొత్తాం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అవతలి మాటలు వినపడటం లేదు. భార్య తనెవరో చెప్పింది, కొండ రాబందు పోయిందని చెప్పింది. అవతల ఏదో అడిగారు. "లేదమ్మా, ఒంటరిగానే" అంది. ఇంకాసేపు విని, "సరే, ఉంటాను" అని పెట్టేసింది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. మంచిది వదినా, చెప్పారు కాబట్టి తెలిసింది అంది."

ఆయన ఇంకేదో ఉంటుందని ఎదురుచూశాడు. ఆమె మిషను దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది.

"నా గురించి?"

"అడగలేదు" అంది భార్య, పెడలు తొక్కుతూ.